నూరిండ్లు తిరిగిన కన్ను

పోయిన నెల, నేను చదువుకున్న కరీంనగర్ కళాశాలలో వక్తృత్వ పోటీకి న్యాయనిర్ణేతగా కూర్చున్నాను. గ్రామ పంచాయతీల మీద చర్చ. హుజూరాబాదు నుంచి వచ్చిన ఒక విద్యార్థిని చాలా బాగా మాట్లాడింది. స్వరం ఎక్కడ పెంచాలో, ఎక్కడ ఆపి సభను ఎదురుచూడనివ్వాలో ఆమెకు తెలుసు. చివరికి, "ఈ జిల్లాలో నిజాయితీగా నడిచే పంచాయతీ ఒక్కటంటే ఒక్కటి లేదు" అని ముగించి కూర్చుంది. హాలంతా చప్పట్లు. ప్రశ్నల వంతు వచ్చినప్పుడు నేను అడిగాను: "ఎన్ని చూశావమ్మా?"

ఆమె కాస్త తడబడి, "మా ఊరిది చూసిన సార్" అంది. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. నా నోటి నుంచి వెలువడిన ఆ ప్రశ్న, దాని వెనుకనున్న నెమ్మదితో సహా, మరొకరిదని ఆ క్షణాన స్పష్టంగా తెలిసింది. ఆమె వయసులో నేనూ అట్లాగే మాట్లాడేవాణ్ణి. అట్లాగే చప్పట్లు కొట్టించుకునేవాణ్ణి. నన్ను ఆ అలవాటు నుంచి మళ్ళించిన మనిషి మాత్రం జీవితంలో ఎన్నడూ వేదిక ఎక్కి ఎరుగడు.

బి.ఎస్సీ. ముగించి హైదరాబాదులో లా చదవాలని నేను ఉబలాటపడుతున్న ఏడు, చొప్పదండి దగ్గరి మా ఊళ్ళో వానలు సరిగా పడలేదు. కొన్నాళ్ళు ఆగక తప్పదని మా బాపు తేల్చి చెప్పాడు. ఆ వ్యవధిలో దొరికిన తాత్కాలికోద్యోగం నన్ను ఆదిలాబాదు జిల్లాలో, అడవి అంచునున్న ఒక చిన్న ఊరి మలేరియా కార్యాలయానికి చేర్చింది. ఊరూరా తిరిగే కార్యకర్తలు జ్వరమున్న ప్రతివారి వేలు గుచ్చి, రక్తపు చుక్కను గాజుపలక మీద పూసి, కాగితంలో చుట్టి మాకు పంపేవారు. ఆ స్లైడుకు రంగు వేసి, సూక్ష్మదర్శినిలో పరీక్షించి, మలేరియా పురుగు ఉన్నదో లేదో రిజిస్టరులో రాయడం మా పని. ఆ పని నాకు నేర్పవలసిన మనిషే, నేను పైన చెప్పిన ఆయన.

యాభై దాటిన బక్కపలచని మనిషి. నిజాం కాలంలో దోమలను పట్టే పనివాడుగా చేరి, ఉర్దూలో ఏడో తరగతి వరకు సాగిన చదువుతోనే సూక్ష్మదర్శిని ముందుకు వచ్చి కూర్చున్నవాడు. రంగులు కలిపీ కలిపీ ఆయన కుడిచేతి వేళ్ళు గోళ్ళతో సహా శాశ్వతంగా నీలమైపోయాయి. పెళ్ళి విందుల్లో పక్క విస్తరివాళ్ళు ఆ చేతిని చూసి కొంచెం జరిగి కూర్చునేవారు. ఆయన గమనించినట్టు కనిపించేవాడు కాదు; తనకు స్థలం ఎక్కువ దొరికిందన్నట్టు హాయిగా భోంచేసేవాడు.

మొదటి రోజున నేను గెలిచిన పోటీల సంగతి, అడగకుండానే, ఆయనకు వివరించాను. సూక్ష్మదర్శిని మీదికి వంగి మాట్లాడుతున్నానని నాకు తోచలేదు.

"మంచిదే బిడ్డా" అన్నాడు ఆయన. "గని గీ మిషిను ముంగట మాట్లాడితే అద్దం మీద ఆవిరి పడ్తది. జర ఎనుకకు జరిగి మాట్లాడు, వకీల్ సాబ్."

ఆ పేరు అట్లా నిలిచిపోయింది.

ఆయన నాకు నేర్పిన మొదటి పాఠం రెండు కళ్ళూ తెరిచి చూడడం. మా సూక్ష్మదర్శినికి ఒకటే గొట్టం. కొత్తవాళ్ళందరిలాగే నేను ఎడమకన్ను గట్టిగా మూసి కుడికన్నుతో చూసేవాణ్ణి, మధ్యాహ్నానికల్లా తలనొప్పి. "మూసిన కన్నే ముందుగాల్ల అలుస్తది" అనేవాడు ఆయన. "రెండూ తెరువు. గీ కన్ను పురుగును సూస్తది, గా కన్ను టేబులును సూస్తది. దేని పని దానిదే." నాకు అది చేతనయ్యేసరికి నెలన్నర పట్టింది.

రెండో పాఠం వెలుతురు. మా గదికి కరెంటు లేదు. ఉత్తరపు కిటికీ నుంచి వచ్చే వెలుగును ఒక చిన్న అద్దంతో గొట్టంలోకి మళ్ళించుకునేవాళ్ళం. సాయంత్రం నాలుగు దాటితే, చూస్తున్న స్లైడు ఎక్కడి వరకు వచ్చిందో చీటీ మీద రాసుకొని, ఆయన లేచి పోయేవాడు. స్లైడులు పేరుకుపోయాయని మా ఆఫీసరు కోప్పడినా సరే, "పొద్దు వాలినంక ఉన్నది సుత కనపడది సాబ్" అని మరునాటికి వాయిదా వేసేవాడు.

మూడోది నూరు లెక్క. గొట్టంలో ఒకసారి కంటికి ఆనేది రక్తపు పూతలోని ఒక చిన్న గుండ్రని భాగం మాత్రమే. స్లైడును కొద్దికొద్దిగా జరుపుకుంటూ అటువంటి భాగాలను వంద చూసిన తరువాతనే అందులో పురుగు లేదని రాయాలన్నది నియమం. ఒక్కొక్క భాగాన్ని ఆయన ఒక్కొక్క ఇల్లు అనేవాడు. పది ఇళ్ళు పూర్తికాగానే ఒక చింతగింజను ఎడమపక్క సాసరులోనుంచి కుడిపక్క సాసరులోకి మార్చేవాడు. పది గింజలూ కుడివైపుకు చేరితే నూరిండ్లు తిరిగినట్టు.

నియమమన్నది కనిపిస్తే దాన్ని నిలదీయకుండా ఉండలేని వయసు నాది.

"నూరే ఎందుకు సారు? తొంభైతొమ్మిది చూస్తే ఏమైతది?"

"తొంభైతొమ్మిది సూసినోడు గా ఒక్కటి సూసేందుకు ఎందుకు ఏడుస్తడు?"

"అట్ల కాదు సారు. నూటఒకటో ఇంట్ల పురుగు ఉంటే? అప్పుడు మన లెక్క తప్పే కద?"

ఆయన తల ఎత్తకుండానే ఆలోచించాడు. "తప్పే. గందుకే నేను నూరు సూసినంక సుత ధైర్నంగ చెప్ప. నూరు సూడకపోతే చెప్పనే చెప్ప." ఒక గింజను మార్చి మళ్ళీ అన్నాడు: "ఉన్నది అనెటోనికి ఒక్కటి దొరికితే చాలు, వాని పని అయిపోయె. లేదు అనెటోడే నూరిండ్లు తిరగాలె."

పోటీల కోసం తర్కశాస్త్రం చదువుకున్న నాకు ఆ మాటలోని న్యాయం వెంటనే అర్థమైంది. అర్థమైందన్న తృప్తితోనే, దాన్ని పాటించనవసరం లేదన్నట్టు ప్రవర్తించాను.

ఆయన మాత్రం ఆ లెక్కను గది బయట కూడా వదిలేవాడు కాదు. బస్సులాగే చోట ఒక చాయ్ దుకాణం ఉండేది. దాని యజమాని మనుషుల మీద నమ్మకం పోగొట్టుకున్నవాడు. ఒకనాడు పొద్దున కప్పులు కడుగుతూ, "గీ ఊర్ల నమ్మదగినోడు ఒక్కడంటే ఒక్కడు లేడు సారు" అన్నాడు.

"ఎన్ని ఇండ్లు తిరిగినవ్?"

"మా ఇల్లు. మా తమ్ముని ఇల్లు."

"రెండే అయినయ్. ఇంక తొంభైఎనిమిది ఉన్నయ్. పోయి సూసి రాపో. నువ్వొచ్చేదాంక దుకాణం నేను సూస్త."

యజమాని నవ్వాడు. ఈయన నవ్వలేదు. లేచి నిజంగానే పొయ్యి దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

చలికాలం చివరికి వచ్చింది. ఆ ఏడాదంతా మా పరిధిలోని ఊళ్ళలో ఒక్క మలేరియా కేసూ బయటపడలేదు. మరొక్క వారం గడిస్తే, మా ప్రాంతం నుంచి జబ్బు పోయిందని నివేదిక వెళుతుంది. ఇళ్ళలో దోమల మందు కొట్టడం ఆగిపోతుంది. ఊరూరా తిరిగే కార్యకర్తలను మరొక చోటికి పంపుతారు. ఆఫీసరు మంచి మనిషే. రాజమండ్రి వైపు నుంచి వచ్చి, ఆ అడవుల్లో మూడేళ్ళు జీపులో ఎముకలు అరగదీసుకున్నవాడు. ఆ నివేదిక మీద సంతకం పెట్టాలని ఆయనకు ఎంతో ఆశ. నాకూ ఒక స్వార్థం ఉంది. నేను 'లేదు' అని రాసిన స్లైడులలో కొన్నిటిని తీసి మా సారు మళ్ళీ చూసేవాడు. అందులో తప్పు దొరకకుండా ఆరు నెలలు గడిస్తే నా ఉద్యోగం గట్టిపడుతుంది.

ఆ వారం చివర్లో ఒకనాటి మధ్యాహ్నం మూడున్నరకు సారు చేతిలో చింతగింజ అట్లాగే ఆగిపోయింది.

"వకీల్ సాబ్, గిటు రా."

చూశాను. మసక నీలపు తునక, దాని పక్కన ఎర్రటి చుక్క. ఆ స్లైడు వెదురు బండి తోలే ఒక మనిషిది. అడవి నుంచి వెదురు నరికి కాగజ్‌నగర్ కాగితపు మిల్లుకు తరలించే బండ్లలో ఒకటి అతనిది. నాలుగు కోసుల దూరంలోని గూడెంలో ఇల్లు. పది రోజుల కింద ఆ స్లైడును చూసి 'లేదు' అని రాసి సంతకం చేసింది నేను.

సారు చీటీ మీద 'అరవై' అని రాసి లేచాడు. నాలుగు కావస్తున్నది. మిగిలిన నలభై ఇళ్ళు మరునాటికి.

ఆఫీసరు గదిలో ఆయన ఒక్క వాక్యమే చెప్పాడు: "బండాయన స్లైడుల ఒకటి కనపడ్డది సాబ్." ఆఫీసరు ముఖం వాడిపోయింది. అప్పుడు నేను నోరు విప్పాను. ఆరోజు నేను మాట్లాడిన తీరు ఇప్పటికీ జ్ఞాపకమే. అంత పకడ్బందీగా ఏ పోటీలోనూ మాట్లాడలేదు. ఆ తునకకు పూర్తి ఆకారం లేదన్నాను. ఆ వారం రంగు పాతదని, అటువంటి మడ్డి తునకలు మరి మూడు స్లైడుల్లోనూ కనిపించాయని రిజిస్టరు తెరిచి చూపాను. జబ్బే ఉంటే అరవై భాగాల్లో ఒక్కటే ఎందుకుంటుందని ప్రశ్నించాను. ఒక అనుమానపు చుక్కను ఆధారం చేసుకొని ఇంతమంది ఏడాది శ్రమను కొట్టివేయడం న్యాయమా అని ముగించాను.

ఆఫీసరు తేరుకున్నాడు. "కుర్రాడు చెప్పినదాంట్లో సబబుంది. మీరేమంటారు?"

"పిలగాడు మంచిగ మాట్లాడిండు సాబ్" అన్నాడు సారు. నిజంగా మెచ్చుకుంటున్న గొంతు అది. "నాకంత మాట్లాడ రాదు. నాకు కనపడ్డది, గంతే."

"రేపు మధ్యాహ్నం కాగితాలు పంపాలి. ఈలోగా మీరిద్దరూ ఒక మాట మీదికి రండి."

తిరిగి గదిలోకి వచ్చి సారు గాజుపలకలు కడగడం మొదలుపెట్టాడు. నేను తుడుస్తున్నాను. నీళ్ళలోనే చూపు ఉంచి ఆయన అడిగాడు: "గా స్లైడుల నువ్వు ఎన్ని ఇండ్లు తిరిగినవ్ బిడ్డా?"

"నూరు" అన్నాను.

"అచ్చా" అన్నాడు ఆయన. ఇంకొక పలక తీసి కడిగాడు.

నేను చూసినవి నలభైకి మించవు. ఆనాడు స్లైడులు ఎక్కువగా వచ్చాయి. చూసినంతవరకు అంతా ఒకే తీరుగా కనిపించింది. తక్కినది కూడా అంతేనని, ఏ అనుమానమూ లేకుండా, ధీమాతో 'లేదు' అని రాశాను. సత్యం కోసం వాదిస్తానని చెప్పుకునేవాణ్ణి, నన్ను ఎదిరించి మాట్లాడడం కూడా చేతకాని మనిషి ముందు నిలబడి అబద్ధమాడాను. ఆయన దబాయించి ఉంటే మరింత గట్టిగా వాదించేవాణ్ణి. ఆయన నమ్మినట్టు ఊరుకున్నాడు.

మరునాడు సూర్యుడు పొడవగానే గది తెరిచాను. మొదటి ఇంటి నుంచి మొదలుపెట్టాను. రెండు కళ్ళూ తెరిచి, పదింటికి ఒక గింజ చొప్పున మార్చుకుంటూ పోయాను. సారుకు కనబడిన తునక వచ్చింది. దాని మీద అనుమానానికి అప్పటికీ చోటుంది. ముందుకు జరిపాను. తొమ్మిది గింజలు కుడివైపుకు చేరాయి. తొంభైమూడో ఇంట్లో అది ఉన్నది: కెంపు పొదిగిన నీలపు ఉంగరంలాగా, ఏ వాదానికీ లొంగకుండా.

సారు రావడానికి ఇంకా గంట వ్యవధి. దాన్ని చూసింది నేనొక్కణ్ణే. పూతను గుడ్డతో ఒకసారి తుడిస్తే ఆ ఉంగరం ఈ లోకంలో ఉండదు. నా ఉద్యోగం ఉంటుంది, ఆఫీసరు నివేదిక ఉంటుంది, నిన్నటి నా గెలుపూ ఉంటుంది. ఈ మాట రాయడానికి సిగ్గుపడుతున్నాను కాని, గుడ్డ వైపు నా చూపు పోయింది. గొట్టం మీద ఉండవలసిన కన్ను గొట్టం మీద ఉండగానే, టేబులును చూడవలసిన రెండో కన్ను దాన్ని చూసింది.

లేచి ఆఫీసరు ఇంటికి నడిచాను. ఆయన గడ్డం గీసుకుంటున్నాడు. నిన్న నేను చెప్పిన ప్రతి కారణాన్నీ, చెప్పిన వరుసలోనే, నేనే ఖండించాను. నలభై మాత్రమే చూసి నూరు రాశానని చెప్పాను.

ఆయన సబ్బు ముఖంతోనే నా వైపు తిరిగాడు. "నిన్న అంత బాగా ఎందుకు మాట్లాడావయ్యా మరి?" అన్నాడు. ఆ గొంతులో కోపం కన్న అలసట ఎక్కువ. ముఖం కడుక్కొని వచ్చి, "జీపు తీసుకెళ్ళండి. మందు కొట్టడం ఆపొద్దని రాస్తాను" అన్నాడు.

అప్పటికి సారు గదికి వచ్చి ఉన్నాడు. సంగతి చెప్పాను. వంగి చూశాడు. "ఉన్నది" అన్నాడు. నిన్నటి దాని ప్రస్తావన తేలేదు. మాత్రల డబ్బా చంకన పెట్టుకొని జీపెక్కాడు.

గూడెంలో బండి నొగలు నేలకు ఆనించి ఉన్నది. ఆ మనిషి నులకమంచం మీద దుప్పటి కప్పుకొని పడుకున్నాడు. రోజు విడిచి రోజు చలి వస్తున్నదట. కార్యకర్త వచ్చి 'నీ రక్తంల ఏం లేదు' అని చెప్పిపోయాడని, ఆ ధైర్యంతోనే మొన్నటిదాకా బండి తోలాడని అతని భార్య చెప్పింది. మేమెందుకు వచ్చామో విన్న తరువాత నడుము మీద చేయి వేసుకొని నిలబడింది.

"గప్పుడు లేదంటిరి, గిప్పుడు ఉన్నదంటిరి. మీ మిషినుకు సుత జరమొచ్చిందా ఏంది?"

సారు నా వైపు చూడలేదు. మాత్రల డబ్బా మూత తీయడంలో నిమగ్నుడైనట్టు ఉన్నాడు. మూత అంత గట్టిగా ఏమీ లేదు.

"మిషినుది తప్పు కాదు అక్కా" అన్నాను. "చూసినోన్ని నేను. సగం సుత చూడకుండ లేదని రాసిన. నీ మొగడు పది రోజులు గోసపడ్డది నా వల్లనే."

మంచం మీద మనిషి దుప్పటి తొలగించి నన్ను పరిశీలనగా చూశాడు.

"గీ మాట చెప్పేందుకు గింత దూరం వచ్చినవా?" అన్నాడు. "నిలవడ్డవేంది, కూసో."

"కూసుంటడు తీ" అంది భార్య. "గని గా మాత్రలు ముందుగాల్ల గీయననే ఒకటి మింగి సూపియ్యమను."

"వద్దు చెల్లె" అన్నాడు సారు. "నోరు చేదైతే గీయన మాట్లాడలేడు. మాట్లాడకుంటె బతకడు."

ఆమె నవ్వు ఆపుకోలేక లోపలికి పోయి నీళ్ళు తెచ్చింది. ఆ నెలలో ఆ గూడెం నుంచి తెప్పించిన స్లైడులలో మరి ఇద్దరికి ఉన్నట్టు తేలింది. అందరికీ మందు అందింది. బండి మళ్ళీ కదిలింది.

తిరుగుదారిలో వాగు దగ్గర జీపు నీళ్ళ కోసం ఆగింది. డ్రైవరు దిగి పోయాక, "సారు, నూరు అని నిన్న మీకు అబద్ధం చెప్పిన" అన్నాను.

"ఎరుకే."

"మరి ఆఫీసరు ముంగట ఎందుకు అనలేదు?"

ఆయన నీలపు వేళ్ళతో మోకాలి మీద ఏదో తుడుచుకున్నాడు. "నీ యీడున నేను సుత అరవై సూసి నూరు రాసిన, ఒకపారి. తెల్లారి సూస్తె ఉన్నది. కాగితం మీద దిద్దిన. గా ఆడమనిషి కాడికి మాత్రం పోలే. మొకం చెల్లలే. ఆమె ఏమైందో గియ్యాల్టిదాంక నాకు ఎరుక లే." మాత్రల డబ్బాను చంకలో సర్దుకున్నాడు. "నువ్వు పోయినవ్."

అంతకు మించి ఆ సంగతి మీద ఆయన నాతో మాట్లాడలేదు. ఇతరులతో మాత్రం మాట్లాడాడు. నా ఉద్యోగం గట్టిపడడం మరి ఆరు నెలలు వెనక్కి పోయింది. అయినా మొత్తం రెండేళ్ళు ఆయన దగ్గర పనిచేశాను. ఆ రెండేళ్ళూ కొత్తగా వచ్చిన ప్రతి మనిషికీ, చాయ్ దుకాణంలో పక్కన కూర్చున్నవాడికి సయితం, ఆయన నన్ను ఒకే విధంగా పరిచయం చేసేవాడు: "మా పిలగాడు. ఒకపారి తప్పు సూసిండు. మల్ల తనే పోయి, గా మనిషి ముంగట నిలవడి చెప్పొచ్చిండు."

నాకు ప్రాణం పోయినట్టుండేది. ఒకరోజు బతిమాలుకున్నాను: "తప్పు సంగతి ఎందుకు సారు? తక్కింది చెప్పుండ్రి, చాలు."

"గది చెప్పకుంటె గిది ఎట్ల చెప్పాలె?" అన్నాడు, నా అమాయకత్వానికి ఆశ్చర్యపోతూ.

లా కళాశాలలో చేరడానికి నేను బయలుదేరిన నాడు ఆయన బస్సుదాకా వచ్చాడు. అంత జనంలో కండక్టరును ఆపి, తనకు ఏ సంబంధమూ లేని ఆ మనిషికి, ఆ మూడు వాక్యాలనూ ఒక్క మాట పొల్లుపోకుండా వినిపించాడు. కండక్టరుకు ఏ తప్పో, ఎవరి ముందో బోధపడలేదు. అయినా చెబుతున్న ముసలాయన ముఖంలో ఏం చూశాడో, నన్ను కిందినుంచి పైదాకా ఒకసారి పరికించి, ముందు సీటు మీది తన టికెట్ల పెట్టెను తీసి ఒళ్ళో పెట్టుకొని, నాకు చోటిచ్చాడు.

మంచిర్యాల దాకా నేను ఆ సీటులో వెనక్కి ఆనుకోకుండా, నిటారుగా కూర్చొని ప్రయాణం చేశాను.